ఎర్ర మందు ఎక్కే వేళ పాట

1970ల చివర్లో అమెరికాలోని సియాటిల్‌లో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, క్యాన్సర్ చికిత్సకు వచ్చే పిల్లలకు ఐస్‌క్రీమ్ పెట్టారు. వెనీలా, చాక్లెట్ లాంటివి కాదు. ఏ పిల్లాడూ అంతకుముందు తిని ఉండని రుచి కావాలని మేపుల్ పాకం, నల్ల అక్రోట్ రుచులు కలిపి చేయించినది. పేరు మేపల్‌టాఫ్. కొందరు పిల్లలకు అది తిన్న కాసేపటికి, కడుపులో తిప్పే రకం కీమో మందు ఎక్కించారు. ఇంకొందరికి అదే రకం మందు ఎక్కించారు గానీ ఐస్‌క్రీమ్ పెట్టలేదు, బదులుగా ఆట ఆడించారు. మూడో గుంపు ఐస్‌క్రీమ్ తిన్నది, కడుపులో తిప్పే మందు మాత్రం వాళ్లకు పడలేదు. రెండు నుంచి నాలుగు వారాలు పోయాక అందరినీ ఒకటే అడిగారు: మేపల్‌టాఫ్ తింటావా, ఆట ఆడుకుంటావా? మొదటి గుంపులో ఐస్‌క్రీమ్ కావాలన్నవాళ్లు 21 శాతం. మిగతా రెండు గుంపుల్లో 67, 73 శాతం. 1978లో ‘సైన్స్’ పత్రికలో ఈ ప్రయోగం అచ్చయింది.

ఆ ఐస్‌క్రీమ్‌కూ ఆ వాంతులకూ ఏ సంబంధమూ లేదు. మందు పడితే కడుపులో తిప్పుతుందని తెలిసినంత మాత్రాన నాలుక ఊరుకోదు. సంగీతం గురించిన అధ్యాయాన్ని ఐస్‌క్రీమ్‌తో మొదలుపెట్టడానికి కారణం ఇదే. కీమో రోజున మనిషిని పట్టుకునే ఆందోళనలో కొంత జబ్బు తెచ్చిన భయం, కొంత డబ్బు గురించిన దిగులు, ఇంకొంత మాత్రం శరీరం తనకు తానుగా నేర్చుకున్న పాఠం. ఆ మూడోదాని దగ్గరే పాటకు పని ఉంది.

పెద్దవాళ్లలో ఈ పాఠం ఎలా కనబడుతుందో ఆంకాలజీ వార్డులో పనిచేసే ఏ నర్సును అడిగినా చెబుతుంది. మొదటి విడత మామూలుగా గడిచిపోతుంది. రెండో విడతకు కొంచెం జంకు. మూడోసారో నాలుగోసారో ఆసుపత్రి గేటు కనబడగానే నోట్లో నీళ్లూరతాయి, స్పిరిట్ వాసన తగలగానే డోకు వస్తుంది. సూది ఇంకా పడనే లేదు. దీన్ని ముందస్తు వికారం అంటారు. రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో గ్యారీ మారో దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. నాలుగో విడత వచ్చేసరికి దాదాపు నలుగురిలో ఒకరికి ఇది మొదలవుతుందని ఆ పరిశోధనల అంచనా. పావ్‌లోవ్ కుక్క గంట శబ్దానికి చొంగ కార్చినట్టే ఇక్కడ ఆసుపత్రి గేటే గంట. 1991లో అమెరికాలో అనుమతి పొందిన ఆన్‌డాన్‌సెట్రాన్, దాని తర్వాత వచ్చిన మందులు కీమో రోజు వాంతులను చాలావరకు కట్టడి చేశాయి. అయితే ఒకసారి ఈ లంకె పడ్డాక, మందు ఎక్కకముందే వచ్చే వికారం మీద అవి అంతగా పనిచేయవు. 1982లో మారో, సిండీ మోరెల్‌తో కలిసి ప్రచురించిన పరీక్షలో దీనికి పనిచేసింది మాత్ర కాదు. ఒళ్లు వదులు చేసుకోవడం నేర్పి, ఆ స్థితిలోనే ఆసుపత్రికి సంబంధించిన దృశ్యాలను ఒక్కొక్కటిగా ఊహించుకోమనే పద్ధతి.

అదే రాచెస్టర్‌లో 1975లో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగించి, వెంటనే సైక్లోఫాస్ఫమైడ్ సూది వేశారు. సైక్లోఫాస్ఫమైడ్ అంటే ఈనాటికీ రొమ్ము క్యాన్సర్‌కు, లింఫోమాకు వాడే కీమో మందు. రోగనిరోధక శక్తిని అణచడం దాని గుణాల్లో ఒకటి. తర్వాత మందేమీ లేకుండా ఉత్త తీపి నీళ్లు తాగించినా ఆ ఎలుకల్లో యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. పదిహేనేళ్ల తర్వాత డానా బోవ్‌బర్గ్ బృందం అండాశయ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న స్త్రీల రక్తాన్ని ఒకసారి ఇంటి దగ్గర, ఒకసారి కీమోకు ముందు ఆసుపత్రిలో తీసి పోల్చింది. ఆసుపత్రిలో తీసిన రక్తంలో తెల్లకణాల స్పందన మందంగా ఉంది. దీన్ని పట్టుకుని భయపడితే క్యాన్సర్ పెరుగుతుందని ప్రచారం చేసేవాళ్లున్నారు. ఆ ప్రయోగం చెప్పింది అది కాదు. భయపడుతున్న రోగి నెత్తిన భయపడినందుకు అపరాధం కూడా మోపడం దుర్మార్గమని నా ఉద్దేశం. పరిసరాలు శరీరంలోకి ఎంత లోతుగా దిగుతాయో చెప్పడం వరకే ఆ ప్రయోగం పని.

ఇక ఆ పరిసరాలు. డే కేర్ వార్డులో కీమో రోజు సూదితో మొదలవదు, లైనుతో మొదలవుతుంది. పొద్దున్నే రక్తం ఇవ్వాలి. రక్తకణాల లెక్కలు (కౌంట్స్) రావాలి. తెల్లకణాలు పడిపోయి ఉంటే ఈ వారం కాదు, వచ్చే వారం రమ్మంటారు. బాగుంటే డాక్టరు చూడాలి, ఆరోగ్యశ్రీ కాగితమో బీమా అనుమతో తేలాలి, ఫార్మసీలో మందు కలపాలి, కుర్చీ ఖాళీ కావాలి. వరంగల్ నుంచో అనంతపురం నుంచో రాత్రి బస్సెక్కి వచ్చిన మనిషికి కుర్చీ దొరికేసరికి మధ్యాహ్నం కావచ్చు. అప్పుడు నరం వెతకడం. నాలుగైదు విడతలైన చేతుల్లో నరాలు గట్టిపడి, నల్లబడి, సూదికి చిక్కవు. ముందు వాంతుల మందు, స్టెరాయిడ్, కొందరికి అలర్జీ రాకుండా ఇంకో ఇంజెక్షన్. తర్వాత అసలు మందు. రోగులు ఎర్ర మందు అని పిలుచుకునే ఆడ్రియామైసిన్‌ను సాధారణంగా నర్సు పక్కనే కూర్చుని నెమ్మదిగా ఎక్కిస్తుంది. చూడ్డానికి రస్నా రంగులో ఉంటుంది, మర్నాటిదాకా మూత్రం ఎర్రగా వస్తుంది. పక్క కుర్చీలో పంపు పీప్ పీప్ అంటుంది. ఆ శబ్దం ఎవరిదో, ఎందుకో తెలియక అందరూ ఒకసారి తల తిప్పి చూస్తారు. ఇన్ని గంటల్లో రోగి చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఏ చేతికి సూది వేయించుకోవాలన్నది కూడా నరాల దయ.

ఈ స్థితిలో ఉన్న ఆందోళనను కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది ఛార్లెస్ స్పీల్‌బెర్గర్ రూపొందించిన ప్రశ్నావళి. ‘ఈ క్షణంలో నాకెలా ఉంది’ అన్న తీరున 20 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. అన్నీ కలిపితే కనిష్ఠం 20, గరిష్ఠం 80. మార్కులు ఎంత ఎక్కువైతే ఆందోళన అంత ఎక్కువ. ఈ సంఖ్యలు గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

క్యాన్సర్ వార్డులోకి సంగీతాన్ని వైద్యులు పద్ధతిగా తీసుకొచ్చిన తొలి ప్రయత్నాల్లో మాంట్రియల్‌లోని రాయల్ విక్టోరియా ఆసుపత్రిది ఒకటి. అక్కడ సూజన్ మన్రో, బాల్ఫర్ మౌంట్ చివరి దశ రోగులతో చేసిన పని గురించి 1978లో కెనడా వైద్య సంఘం పత్రికలో రాశారు. మేపల్‌టాఫ్ ప్రయోగం అచ్చయిన ఏడాదే అది కావడం కాకతాళీయం. అప్పటికి అమెరికాలో సంగీత చికిత్స విశ్వవిద్యాలయ చదువుగా మారి మూడు దశాబ్దాలు దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల ఆసుపత్రుల్లో పాటగాళ్లు పాడటం, అది మేలు చేస్తోందని డాక్టర్లు గమనించడం ఆ చదువుకు ఊపునిచ్చాయి.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. నర్సో డాక్టరో హెడ్‌ఫోన్ ఇచ్చి రికార్డు పాట వినిపిస్తే అది ఒక రకం. శిక్షణ పొందిన సంగీత చికిత్సకుడు గిటారో కీబోర్డో తంబురానో పట్టుకుని వచ్చి, రోగి పక్కన కూర్చుని, అతణ్ణి చూస్తూ పాడటం, పాడించడం, తాళం వేయించడం ఇంకో రకం. మొదటిదానికి ఫోను చాలు, రెండోదానికి మనిషి కావాలి. పత్రికల్లో రెంటినీ కలిపి మ్యూజిక్ థెరపీ అనే రాసేస్తుంటారు.

ఆ మనిషి ఏం చేస్తాడో దగ్గరగా చూద్దాం. ఒకాయన కుర్చీ అంచున కూర్చుని, కాలు ఊపుతూ, నిమిషానికోసారి సెలైన్ బాటిల్ వంక చూస్తున్నాడనుకోండి. ఊపిరి పైపైన, వేగంగా ఆడుతోంది. అలాంటివాడికి నెమ్మది పాట పెడితే చిరాకు పుడుతుంది. అనుభవమున్న చికిత్సకుడు ముందు ఆ కాలు ఊపుడు వేగానికే వాయిస్తాడు. పాట మనిషిని అందుకున్నాక, రెండు నిమిషాలకో మూడు నిమిషాలకో లయను కొద్దిగా తగ్గిస్తాడు. కాలు కూడా తగ్గుతుంది. మళ్లీ కొంచెం. మాటలు తీసేసి హమ్మింగ్‌లోకి వస్తాడు. చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ పెంచుతాడు, ఆ ఖాళీలో మనిషి పెద్దగా ఊపిరి వదులుతాడు. దీనికి ఐసో సూత్రమని పేరు. 1940లలో మిషిగన్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో ఐరా ఆల్ట్‌షులర్ అనే వైద్యుడు దీన్ని వివరించారు. మనసు ఉన్నచోటికి పాట వెళ్లాలి, అక్కణ్ణుంచి చెయ్యి పట్టుకుని నడిపించాలి. రికార్డు పాటకు ఈ కళ్లు లేవు.

ఇదంతా పనిచేస్తుందా? 2003లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌కు చెందిన బ్యారీ క్యాసిలెత్ బృందం ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. తమ మూలకణాలనే తిరిగి ఎక్కించుకునే మార్పిడి కోసం చాలా పెద్ద మోతాదు కీమో తీసుకుని, వారాల తరబడి ఆసుపత్రి గదిలో ఉండాల్సిన 69 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు చికిత్సతో పాటు సంగీత చికిత్స. మొత్తం మీద మనసు కలతను కొలిచే మార్కులు ఈ గుంపులో 37 శాతం తక్కువ వచ్చాయి. ఆందోళన, దిగులు రెండూ కలిపిన మార్కులు 28 శాతం తక్కువ. అయితే ఈ రెండో తేడా గణాంక శాస్త్రం ఒప్పుకునే గీతను కొద్దిలో దాటలేకపోయింది. 28 శాతం అన్న అంకె మాత్రం బయట బాగా తిరిగింది, పక్కనున్న ఆ చిన్న షరతు తిరగలేదు.

నాకు ఇంతకంటే ఎక్కువ నచ్చిన పరీక్ష డెన్మార్క్‌ది. మార్గ్రెథె బ్రో బృందం 2019లో ప్రచురించింది. కొత్తగా లింఫోమా బయటపడి కీమో మొదలైన 143 మందిని మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు కీమో ఎక్కుతుండగా అరగంట పాటు సంగీతకారులు వచ్చి, రోగి కోరిన పాటలు ఎదురుగా పాడారు. రెండో గుంపుకు రోగి కోరిన పాటలే, కానీ రికార్డులో. మూడో గుంపుకు మామూలు వార్డు. ఇలా ఐదు విడతల వరకు. ఎదురుగా పాడిన గుంపులో ఆందోళన మామూలు వార్డుతో పోలిస్తే 7 శాతం తగ్గింది, అదీ గణాంకాల గీత మీద అటూ ఇటూగా నిలిచింది. రికార్డు పాటల గుంపులో కనబడిన కొద్దిపాటి తగ్గుదల ఆ గీతను చేరలేదు. ఏడు శాతమేనా అని పెదవి విరవకండి. జాగ్రత్తగా కొలిచినప్పుడు సంగీతం వల్ల ఒరిగేది ఇంచుమించు ఎంత ఉంటుందో ఆ సంఖ్య నిజాయితీగా చెబుతోంది. పైగా ఎదుట ఒక మనిషి కూర్చుని మన కోసమే పాడటంలో, స్వరాల్లో లేనిదేదో ఉందని కూడా సూచిస్తోంది. అది సంగీతం ప్రభావమా, మనిషి ప్రభావమా అని అడగొచ్చు. విడదీయడం కష్టం. పాట పాడకుండా ఒక మనిషి అరగంట పక్కన ఊరికే కూర్చునే నాలుగో గుంపు ఒకటి ఉంటే బాగుండేది.

విడివిడి పరీక్షలు అటూ ఇటూ ఊగుతుంటాయి కాబట్టి అన్నిటినీ తూకం వేసే కాక్రేన్ సమీక్షలు చూడాలి. జోక్ బ్రాట్, ఛెరిల్ డైలియో మొదలైనవాళ్లు క్యాన్సర్ రోగుల మీద జరిగిన సంగీత పరీక్షలను మూడుసార్లు ఇలా పోగుచేశారు. కీమోవే కాదు, శస్త్రచికిత్స, రేడియేషన్, ఎముక మజ్జ పరీక్ష వంటి సందర్భాలు కూడా అందులో ఉన్నాయి. 2011లో 30 పరీక్షలు, 1,891 మంది. 2016లో 52 పరీక్షలు, 3,731 మంది. 2021లో 81 పరీక్షలు, 5,576 మంది. ఇందాక గుర్తుంచుకోమన్న 20 నుంచి 80 కొలబద్ద మీద సంగీతం వల్ల తగ్గిన ఆందోళన సగటున మొదటి సమీక్షలో 11.2 మార్కులు. రెండోదాంట్లో 8.5. మూడోదాంట్లో 7.7.

ఈ దిగుడు మెట్లు చూసి సంగీతం పనికిరాదని అనుకోనక్కర్లేదు. ఇది వైద్య పరిశోధనలో తరచూ జరిగేదే. తొలి పరీక్షలు చిన్నవి, ఉత్సాహవంతులు చేసినవి. బాగా పనిచేసినవే అచ్చుకు వెళతాయి, పనిచేయనివి బీరువాల్లో ఉండిపోతాయి. రోగుల సంఖ్య పెరిగేకొద్దీ అంకె నేల మీదికి దిగుతుంది. అయినా సున్నాకు రాలేదు. 7.7 అంటే, ఆ 20 వాక్యాల్లో దాదాపు ఎనిమిదింటి మీద రోగి ఒక్కో మెట్టు కిందికి దిగాడని లెక్క. కీమో కుర్చీలో ఉన్నవాడికి అది తెలిసేంత తేడాయే. కాకపోతే సమీక్షకులు తమ ఆధారాల మీద తమకున్న నమ్మకం తక్కువ స్థాయిదని కూడా రాశారు. దానికి బలమైన కారణం ఉంది. మాత్రల పరీక్షలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రోగికి తెలియకుండా చేయొచ్చు. తన చెవిలో పాట వినబడుతోందో లేదో రోగికి తెలియకుండా ఎలా చేస్తాం? పాట విన్నవాడు మంచి మార్కులు వేయాలనుకోవడం సహజం.

ఇంకో సంగతి. ఆందోళన తగ్గించడంలో రికార్డు పాటకూ చికిత్సకుడి పాటకూ తేడా ఉందని 2021 సమీక్షలో తేలలేదు. డెన్మార్క్ ఫలితానికి ఇది ఎదురు. జీవన నాణ్యత, నీరసం విషయంలో మాత్రం చికిత్సకుడు ఉన్న పరీక్షల్లోనే మేలు కనబడింది.

ఒంట్లో ఏం జరుగుతుందన్నది మరింత ఆసక్తికరం. ఇటలీలోని పావియాలో లూచానో బెర్నార్డీ అనే వైద్యుడు 2001లో 23 మంది చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం చదివించి గుండె, ఊపిరి కొలిచారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. మన రక్తపోటులో సుమారు పది సెకన్లకోసారి వచ్చిపోయే ఒక సహజమైన అల ఉంటుంది. నిమిషానికి ఆరు ఊపిర్లంటే సరిగ్గా ఆ అలతో జత కలవడం. విష్ణు సహస్రనామమో, చర్చిలో కీర్తనో, భజనో నలుగురితో కలిసి దీర్ఘంగా చదివేవాళ్లకు ఊపిరి నిదానించడం అనుభవమే. అందుకే వినడం కంటే సన్నగా కూనిరాగం తీయడం ఒక్కోసారి ఎక్కువ పనిచేస్తుంది. పాడాలంటే ఊపిరి దాచుకుని మెల్లగా వదలక తప్పదు.

2006లో అదే బెర్నార్డీ 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించారు, అందులో మన రాగమూ ఒకటి. లయ వేగంగా ఉంటే ఊపిరి, గుండె, రక్తపోటు పెరిగాయి. శ్రోతకు ఆ సంగీతం ఇష్టమా కాదా అన్నదానికి పెద్ద తేడా రాలేదు. అన్నిటికంటే ఎక్కువ విశ్రాంతి ఎప్పుడు వచ్చిందంటే, పాటల మధ్య పెట్టిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో. పాట మొదలుకాక ముందున్న స్థాయి కంటే కిందికి దిగింది. ఆపకుండా మూడు గంటలు పాటలు మోగించే వార్డు స్పీకర్ల గురించి ఇది చదివాక నాకు అనుమానం మొదలైంది.

శరీరం లయను అనుసరిస్తుంది, సరే. ఆనందం దేన్ని అనుసరిస్తుంది? మాంట్రియల్‌లో ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోర్ 2001లో సంగీత శిక్షణ ఉన్న పదిమందిని తమకు రోమాంచం కలిగించే సంగీతం తెచ్చుకోమన్నారు. అది వింటుండగా మెదడు చిత్రాలు తీశారు. రోమాంచం పెరిగేకొద్దీ సుఖానికి సంబంధించిన భాగాల్లో రక్తప్రవాహం పెరిగింది, భయాన్ని పసిగట్టే అమిగ్డలాలో తగ్గింది. ఆ ప్రయోగంలో ఉన్న తెలివంతా పోలిక కోసం ఎంచుకున్న పాటలో ఉంది. ఒకరికి రోమాంచం తెచ్చిన పాటనే ఇంకొకరికి మామూలు పాటగా వినిపించారు. అతనికి ఏమీ కాలేదు.

ఇది తెలిశాక వాట్సాప్‌లో తిరిగే రాగాల పట్టికలను ఏం చేయాలో మీకే తెలుస్తుంది. రక్తపోటుకు ఆనందభైరవి, నిద్రకు నీలాంబరి, అజీర్తికి మరొకటి. త్యాగరాజు బిలహరిలో ‘నా జీవాధార’ పాడి చనిపోయినవాణ్ణి లేపాడని ఐతిహ్యం. ముత్తుస్వామి దీక్షితులు అఠాణాలో గురుగ్రహం మీద కృతి కట్టి శిష్యుడి కడుపునొప్పి పోగొట్టాడని ఇంకొకటి. ఇవి సంగీతం మీద మనవాళ్లకున్న ప్రేమకు గుర్తులు. మందుల చీటీలు కావు. నీలాంబరి లాలిపాటగా విని పెరిగినవాడికి అది జోకొట్టవచ్చు. కరీంనగర్ పల్లెలో ఒగ్గుకథ డోలు చప్పుళ్ల మధ్య పెరిగినవాడికి, పాతబస్తీలో ఖవ్వాలీ వింటూ పెరిగినవాడికి, గుంటూరు జిల్లా పేటలో క్రైస్తవ కీర్తనలతో పెరిగినామెకు అది పరాయి ధ్వని. అడగాలి. ఏం విని పెరిగావు, పెళ్లిలో ఏం మోగింది, అమ్మ ఏం పాడేది, ఏ పాట వస్తే రేడియో కట్టేస్తావు?

ఆ చివరి ప్రశ్న మరీ ముఖ్యం. మంచి ఉద్దేశంతోనే చాలామంది బంధువులు కీమో కుర్చీ పక్కన ఘంటసాల పాడిన భగవద్గీత పెడతారు. తెలుగు ఊళ్లలో, పట్నాల్లో అది ఏ ఇంటి ముందు మోగుతుందో, ఏ రథం మీద మోగుతూ వీధి దాటిపోతుందో ఎవరికి తెలియదు? ఆ గొంతు ఎంత గొప్పదైనా సరే, సూది గుచ్చుకున్న చేతితో కూర్చున్నవాడికి మొదట గుర్తొచ్చేది ఆ వీధి.

మళ్లీ మేపల్‌టాఫ్ దగ్గరికి రావాల్సిన చోటు ఇదే. ఐస్‌క్రీమ్ మీద విరక్తి పుట్టినట్టే, కీమోలో విన్న పాట మీద కూడా పుడుతుందా? ఇష్టమైన పాటను అక్కడ పెట్టుకుని పాడుచేసుకుంటామా? 1966లో జాన్ గార్సియా, రాబర్ట్ కోలింగ్ చేసిన ఒక ప్రయోగం కొంత ధైర్యం ఇస్తుంది. ఎలుకలు నీళ్లు తాగుతుంటే రుచితో పాటు వెలుగు, చప్పుడు కూడా తగిలేలా పెట్టారు. తర్వాత కడుపులో తిప్పించిన ఎలుకలు రుచిని దూరం పెట్టాయి, చప్పుడును పట్టించుకోలేదు. కాలికి షాక్ తగిలించిన ఎలుకలు చప్పుడుకు భయపడ్డాయి, రుచిని పట్టించుకోలేదు. వాంతి నిందను రుచి మీద, నొప్పి నిందను శబ్దం మీద వేయడం జీవికి పుట్టుకతో వచ్చిన వాలకం. ఆ లెక్కన పాటకు వాంతి నింద తేలిగ్గా అంటుకోదు. నరం కోసం నాలుగుసార్లు గుచ్చేటప్పుడు మోగే పాట మాత్రం జాగ్రత్త. బెర్న్‌స్టీన్ తర్వాతి రోజుల్లో బ్రోబర్గ్ అనే పరిశోధకురాలితో కలిసి మరో ఉపాయం పరీక్షించారు. భోజనానికీ కీమోకూ మధ్య పిల్లలకు వింత రుచి బిళ్లలు చప్పరించడానికి ఇచ్చారు. నింద బిళ్లల మీదికి పోయింది, అన్నం బతికిపోయింది. నేనైతే దీన్నిబట్టి ప్రాణప్రదమైన ఒకటి రెండు పాటలను ఇంటి కోసం దాచుకోమంటాను. కీమోకు పరిచయమూ ఇష్టమూ ఉన్న మరో పాతిక పాటలు చాలు. ఇది నా ఊహ, ఎవరూ పరీక్ష పెట్టి తేల్చిన విషయం కాదు.

పాట చేయలేని పనులూ, చేయకూడని పనులూ కొన్ని ఉన్నాయి. సంగీతం గడ్డను కరిగించదు, కీమో మోతాదును తగ్గించుకోనివ్వదు. ఆందోళనలా కనబడేదంతా ఆందోళన కాదు కూడా. వాంతులు ఆపడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరిలో కుర్చీలో క్షణం కూర్చోనివ్వని అస్థిమితం పుట్టిస్తుంది. కాళ్లు ఊరికే కదులుతుంటాయి, లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఎవరైనా చూస్తే భయపడుతున్నాడనే అనుకుంటారు. ఇది మందు దుష్ఫలితం. మందు ఆపి మరొకటి ఇస్తే తగ్గుతుంది, పాటతో తగ్గదు. డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ కూడా రెండు రాత్రులు నిద్ర లేకుండా చేయగలదు. ఎర్ర మందు నరం దాటి కండలోకి కారితే చర్మం కుళ్లిపోయేంత ప్రమాదం. చేతిలో మంట మొదలైన క్షణమే చెప్పాలి. పాక్లిటాక్సెల్ అనే మందు మొదలుపెట్టిన తొలి నిమిషాల్లో, రిటుక్సిమాబ్ అయితే తొలి గంట రెండు గంటల్లో ఛాతీ పట్టేసినట్టు, ముఖం ఎర్రబడినట్టు, నడుం పట్టేసినట్టు అనిపిస్తే నర్సును కేకేయాలి. అందుకని ఆ సమయంలో హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టడం, లేదంటే ఒక చెవికే పెట్టుకోవడం మంచిది.

సిస్‌ప్లాటిన్ తీసుకునేవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ మందు లోపలి చెవిలోని సన్నని రోమకణాలను దెబ్బతీస్తుంది. మొదట పోయేవి పై స్థాయి ధ్వనులు, అంటే చిరుగజ్జెలు, పిచ్చుకలు, పళ్లెం మీద చెంచా చప్పుడు. పోయినవి తిరిగి రావు. అలాంటి చెవుల్లోకి ఇయర్‌ఫోన్‌తో పెద్ద శబ్దం పంపడం రెండు వైపులా దెబ్బే. చెవిలో గుయ్‌మనే మోత మొదలైతే అది పాట వల్లో, పంపు వల్లో అనుకుని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

భారతదేశంలో ఈ పని నేర్పే చోట్లు తక్కువ. పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో సంగీత చికిత్సా కేంద్రం ఉంది, చెన్నైలో సుమతి సుందర్ స్థాపించిన పాఠశాల ఉంది. శిక్షణ పొందినవాళ్లు వార్డుకొకరు దొరికే రోజు దగ్గర్లో లేదు. అందాకా తెలుగు రోగికి సంగీత చికిత్స అంటే చేతిలోని ఫోనే. డెన్మార్క్ ఫలితాన్ని బట్టి ఆ ఫోను నుంచి పెద్దగా ఆశించకూడదు, కాక్రేన్ సగటును బట్టి బొత్తిగా కొట్టిపారేయనూ కూడదు. పాటలు రోగే ఎంచుకోవాలి, తోడు వచ్చినవాళ్లు కాదు. ఆపే మీట రోగి చేతిలోనే ఉండాలి, రోజంతా అతని చేతిలో ఉండే అధికారం ఇదొక్కటే కావచ్చు. మొదట కాస్త నడకలో ఉన్నవి, తర్వాత నిమిషానికి అరవై డెబ్బై దెబ్బల నెమ్మది పాటలు, మధ్యలో రెండు మూడు నిమిషాల ఖాళీ. అరగంట సరిపోతుంది. తోడు వచ్చిన కూతురో తమ్ముడో పాడగలిగితే, శ్రుతి గురించి మొహమాటపడకుండా పక్కవాళ్లకు ఇబ్బంది లేనంత సన్నగా పాడొచ్చు. మొదటి విడత నుంచే, అంటే భయం ఇంకా పాఠంగా మారకముందే మొదలుపెట్టడం మేలు. ఆసుపత్రి నేలమాళిగ వార్డుల్లో సిగ్నల్ అందకపోవచ్చు. ముందు రోజు రాత్రే పాటలు ఫోన్లోకి దించుకుని, ప్రకటనలు మధ్యలో రాకుండా చూసుకుని, ఛార్జర్ సంచిలో వేసుకోవాలి.